ఆర్లెన్ అమ్మేసిన షేర్లు

ట్రాక్టర్ల కంపెనీ మూడు నెలల లెక్కలు పొద్దున్నే బయటపెట్టింది. లాభం పెరిగింది కానీ, న్యూయార్క్ నిపుణులు ఊహించినంత పెరగలేదట. మార్కెట్ తెరవగానే షేరు ధర దబ్బున పడింది. రిటైరయ్యాక బతకడానికి దాచుకున్నదంతా ఆర్లెన్ ఆ ఒక్క కంపెనీలోనే పెట్టాడు.

"మొత్తం అమ్మేశాను. మిగిలిందైనా దక్కుతుంది," అన్నాడు భార్యతో, కంప్యూటర్ ముందు నుంచి లేస్తూ.

"జీవితమంతా పనిచేసిన కంపెనీని అరగంటలో వదిలేశావు. ఇక నాకు జ్వరమొచ్చినా నీకు చెప్పకూడదన్నమాట," అంది లోర్నా.

మధ్యాహ్నానికి కంపెనీ అధిపతి ఫోన్ సమావేశంలో మదుపరులతో మాట్లాడాడు. వచ్చే ఏడాదికి సరిపడా ఆర్డర్లు చేతిలో ఉన్నాయన్నాడు. ధర నిన్నటికంటే పైకెక్కింది. టీవీ చూస్తున్న ఆర్లెన్ ముఖం పాలిపోయింది.

"హార్డ్‌వేర్ షాపులో మనిషి కావాలట. రేపు అడుగుతాను," అన్నాడు.

ఎంత మిగిలిందో చూద్దామని లోర్నా కంప్యూటర్ దగ్గర కూర్చుంది. తెర మీద 'మీ ఆర్డరు ఒకసారి సరిచూసుకోండి' అని ఉంది. కింద 'ఖాయం చేయండి' అన్న బటన్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఆర్లెన్ 'అమ్మండి' అన్న మొదటి బటన్ మాత్రం నొక్కి, పనైపోయిందనుకుని లేచొచ్చాడు.

"ఏమయ్యా, ఇలా రా. నువ్వు ఒక్కటీ అమ్మలేదు."

ఆర్లెన్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చదివాడు.

"రెండో బటన్ ఎందుకు పెట్టారో," అన్నాడు నీరసంగా.

"నీలాంటివాళ్ళ పెళ్ళాల కోసం," అంటూ లోర్నా ఆ ఆర్డరు రద్దు చేసింది. ఆర్లెన్ పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలి, కుర్చీలో వెనక్కి వాలాడు.