ఎవరినీ అడగనవసరం లేదు

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో బాయిలర్ చూసుకునే అతన్ని అందరూ పెద్దాయన మనిషి అనేవారు. ఇరవై రెండేళ్ళ కిందట, తిండికి గతిలేనప్పుడు, లాండ్రీ యజమాని పెద్దాయనే పిలిచి పని నేర్పాడు, పెళ్ళి చేయించాడు. ఆయన గీసిన గీత అతను ఏనాడూ దాటలేదు.

పెద్దాయనకు మోకాళ్ళు పట్టేశాక కూతురు పెత్తనం తీసుకుంది. ఎవరి పని ఏమిటో కాగితాల మీద రాయించి గోడలకు అంటించింది. బాయిలర్ గదిలో కాగితం ఇలా చెప్పింది: ఆవిరి ఒత్తిడి చూపే గేజీలో ముల్లు ఎర్రగీత దాటితే ఆపరేటర్ వెంటనే ఆపాలి, ఎవరినీ అడగనవసరం లేదు. అది చదివి అతను, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునే పెద్దాయన దగ్గరికి పరుగెత్తి, ఎవరినీ అడగొద్దంటున్నారు, అడగకుండా ఉండమంటారా అని అడిగాడు. పెద్దాయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఉండరా అన్నాడు. ఆ మాట పడ్డాకే అతని మనసు కుదుటపడింది. ఇలాంటి అమాయకుడితో కాగితం మాత్రం ఏం వేగుతుంది?

ఒక మధ్యాహ్నం ముల్లు ఎర్రగీత దాటింది. అతను గుమ్మం వైపు కేకేసి చెప్పాడు.

"ఏం కాదు, ఇంకో పావుగంట నడిపించరా. దుప్పట్లు ఆస్పత్రికి వెళ్ళిపోతాయి," అన్నాడు పెద్దాయన.

ఒకవైపు ఉప్పు తిన్న ఇంటి మాట. మరోవైపు ఆ కాగితం, పక్క గదిలో ఇస్త్రీ చేస్తున్న ఆరుగురు ఆడవాళ్ళు. మనసు తేల్చుకోకముందే చెయ్యి బాయిలర్ ఆపేసింది. పెద్దాయన చేతికర్ర తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

మెకానిక్ వచ్చి చూసి, బాయిలర్ భేషుగ్గా ఉంది, చెడింది గేజీ అని తేల్చాడు. అంటే పెద్దాయన చెప్పిందే నిజం. పోనీ ఆపడం తప్పా అంటే, కాగితం ప్రకారం ఒప్పే. ఒప్పు చేసి ఇంత సిగ్గెందుకో అతనికి అంతుచిక్కలేదు. నాలుగు రోజులు అన్నం సహించలేదు.

ఐదో రోజు కూతురి గదికి వెళ్ళి నిలబడ్డాడు.

"నాన్నగారు నా మొహం చూడట్లేదమ్మా. ఇంతకీ నేనిప్పుడు ఎవరి మనిషిని?"

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "ఎవరి మనిషివీ కాదు, అన్నా. నువ్వు బాయిలర్ ఆపరేటర్‌వి. రేపు నేను వద్దన్నా సరే, ముల్లు దాటితే ఆపెయ్."

మెచ్చుకోలుగానే అంది, ఆ మాత్రం అతనికీ తెలుసు. ఇంటికి వెళ్ళి, పనిలో మంచి పేరొచ్చిందని భార్యకు చెప్పాడు. చెబుతూ చెబుతూ ఎందుకు ఏడ్చాడో ఇద్దరికీ అర్థం కాలేదు.