ఆంబ్రవాజ్ నోరు జారిన ఆదివారం

ఇంట్లో పిల్లిలా పడి ఉండే ఆంబ్రవాజ్, ఆ ఆదివారం చర్చిలో పులైపోయాడు. పెళ్లాం మాతురీన్ కొంప ముంచింది ఆ పౌరుషమే.

రాజుగారి బొక్కసం ఖాళీ అయింది. కొత్త పన్ను వేయాలంటే జనాన్ని అడగక తప్పని రోజొచ్చింది. అందుకని ప్రతి ఊరూ తన కష్టాలు ఒక పుస్తకంలో రాసి పంపాలని ఉత్తర్వు. పూజ అయ్యాక మగవాళ్లు బల్లల మీద కూర్చున్నారు, గుమాస్తా ఊసో కలం పట్టాడు, ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. దొరగారి పావురాలు గింజలు మింగేస్తున్నాయని రాయించాక, మాట ఉప్పు మీదికి మళ్లింది.

ఆంబ్రవాజ్ లేచాడు. "తలకింతని సర్కారు కొట్లో ఉప్పు కొనాల్సిందేనంట. కొన్నది కూరలో వేసుకోవాలి గానీ, దాంతో పందిమాంసం ఊరేస్తే నేరమంట! మరి చలికాలం పిల్లలకేం పెట్టాలి? అందుకే పదకొండేళ్లుగా వాగవతల, ఉప్పు పన్ను లేని బ్రెతాన్ నుంచి దొంగుప్పు తెస్తన్నా. రాసుకో!"

ఊసో రాసుకున్నాడు, పేరుతో సహా. కింద అందరూ సంతకాలో గీతలో పెట్టేశారు.

దొంగ ఉప్పుకు శిక్ష బ్రెస్త్ రేవులో కాళ్లకు గొలుసులేసి వెట్టిచాకిరీ.

"నీ నోరు పడిపోను! ఎంత పని చేశావయ్యా!" అంది మాతురీన్ ఇంటికి రాగానే.

"రాజుగారే నిజం చెప్పమన్నారు కదే?"

"ఆయనడిగింది ఊరి కష్టం. నీ పాపాలు చెప్పుకోడానికి ఫాదరుగారు లేరూ?"

మర్నాడు పొద్దున్నే ఊసో ఇంటికి పరుగెత్తింది. "బాబూ, ఆ కాగితం చించెయ్యి."

"చించితే పుస్తకమే చెల్లదమ్మా. ప్రతి కాగితానికీ అంకె, జడ్జిగారి సంతకం ఉన్నాయి. బుధవారం పట్నం పట్టుకెళ్లాలి."

"తియ్యకూడదు సరే. కలపొచ్చా?"

ఊసో తల గోక్కున్నాడు. "కలపొద్దని ఎవరూ అన్లేదు."

ఏ ఇంట్లో పీపాలో ఏ ఉప్పుందో ఊళ్లో ఆడవాళ్లకు తెలియనిదేముంది? మాతురీన్ గడపగడపా తొక్కింది. పక్కింటి తూసాంత్ అడ్డం తిరిగింది. "మీ ఆయన నోటిదూలకి మా మొగుళ్లని బలి పెడతావా?"

"పోయిన క్రిస్మస్‌కి మా ఇంట్లోంచి కుంచెడు ఉప్పు పట్టుకెళ్లావే, అప్పుడు చేదుగా లేదా వదినా? ఒక్కడైతే గొలుసేస్తారు. ఊరంతా అయితే ఎన్ని గొలుసులని పోత పోయిస్తారు?"

తూసాంత్ కాసేపు గొణిగి, మొగుణ్ణి లేపి పంపింది. మంగళవారం సాయంత్రానికి 'మేమూ అదే ఉప్పు తిన్నాం' అన్న వాక్యం కింద ముప్పై ఒక్క ఇళ్ల గీతలు పడ్డాయి.

బుధవారం ఊసో పుస్తకం సంచిలో పెడుతుండగా లాండే వచ్చాడు. ఊళ్లో కాపలా ఉండి దొంగుప్పు పట్టుకునే సర్కారు జవాను. నడుముకు కత్తి. ఆరేళ్ల కిందట మాతురీన్ తమ్ముడు ఎలోయ్‌ని వాగు దగ్గర పట్టుకుంది ఇతనే. ఎలోయ్ ఇంకా బ్రెస్త్‌లోనే ఉన్నాడు. చర్చి ముందు మూగిన జనం పక్కకు తప్పుకున్నారు. ఆంబ్రవాజ్ మాత్రం తప్పంతా తనదేనన్నట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ తిక్కమనిషి మీద మాతురీన్‌కు అప్పుడే ప్రేమ పొంగుకొచ్చింది.

లాండే పుస్తకం అడిగి తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ చివరిదాకా చదివాడు.

"జీతమొచ్చి ఐదు నెలలైంది," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. "మా ఇంటిది కూడా వాగవతలి ఉప్పే వాడతంది. నా పేరెక్కడ పెట్టాలి?"

మాతురీన్‌కు అతని చెంప పగలగొట్టాలనిపించింది. అయినా సిరా బుడ్డి అందుకుని అతని ముందు పెట్టింది.

"ముందు మా తమ్ముడి పేరు రాయి. తర్వాత నీది."

లాండే ముఖం ఎర్రబడింది. కలం ముంచి, ఎలోయ్ పేరు గుండ్రంగా, పూర్తిగా రాశాడు. దాని కింద సంతకం చేశాడు.

ఊసో గాడిదనెక్కి వెళ్లిపోయాడు. తన మొగుణ్ణి పట్టుకోవలసిన చెయ్యే ఆ కాగితం మీద సంతకం పెట్టిందన్న సంగతి మాతురీన్‌కు మెల్లగా తలకెక్కింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆంబ్రవాజ్ వీపు మీద ఒక్కటిచ్చి, ఇంటికి పదమంది. ఆదివారం తర్వాత మొదటిసారి ఆమెకు ఆకలి వేస్తోంది.