గడప దాటిన పెట్టె

నేను ఒక పెట్టెను. నల్లదాన్ని, పెద్దదాన్ని, కింద నాలుగు చక్రాలున్నదాన్ని. మనుషులు దేశాలు చూసొచ్చామని చెప్పుకుంటారు. వాళ్ళతో తిరిగి నేను చూసినవి విడిచిన బట్టలు, మూత ఊడి కారిన పచ్చడి, సగం తిని దాచిన జంతికలు. కాబట్టి మనుషుల గురించి నా దగ్గర మంచిమాటలు ఆశించకండి.

ముంబయి అవతల ఒక రేకుల షెడ్డులో పుట్టాను. కాలిన ప్లాస్టిక్ కంపు నాకు తెలిసిన మొదటి వాసన. పుట్టగానే నా నొసటన ఇటలీ పేరొకటి అంటించారు. ఆ అబద్ధంతోనే కాకినాడ చేరాను. మెయిన్ రోడ్డులో ఒక కొట్టు ముందు నన్ను గొలుసుతో కట్టి నిలబెట్టారు. వచ్చేపోయేవాళ్ళు నన్ను తన్ని చూసేవారు. గట్టిదనం తెలుసుకోవడానికి మనుషులకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

నన్ను కొన్నది అమ్మాజీ. యానాంలో కుట్టుమిషను మీద బతికే మనిషి. తల్లి పోయాక చెల్లెలు లోవలక్ష్మిని పెంచింది ఆవిడే. ఆ చెల్లెలు పెళ్ళయి ఫ్రాన్సుకు వెళ్తోంది. అమ్మాజీ నన్ను తన్నలేదు. వంగి నా జిప్పు మూడుసార్లు లాగి చూసింది. మూడోసారి అది పట్టేసింది.

"ఏం బాబూ, మీ ఇటలీ బొబ్బర్లంక పక్కనేనా?" అంది.

కొట్టువాడు నవ్వి ధర తగ్గించాడు. అమ్మాజీ ఇంటికి తీసుకెళ్ళి నా పిడికి ఎర్ర జాకెట్టుగుడ్డ ముక్క ఒకటి చుట్టి కుట్టింది. విమానాశ్రయంలో నల్లపెట్టెలన్నీ ఒకేలా ఉంటాయని, చెల్లెలు తడబడకూడదని. నా ఒంటి మీద అబద్ధం కానిది ఆ గుడ్డ ఒక్కటే.

లోవలక్ష్మి మొగుడు ఏడుకొండలు. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళేటప్పుడు వాళ్ళ తాత ఒక కాగితం మీద సంతకం పెట్టినందుకు మనవడు ఫ్రెంచివాడయ్యాడు. ఇంకే పనీ చెయ్యకుండా అతను సంపాదించుకున్నది అదే. పారిస్‌కు దూరంగా ఆంజే అనే ఊళ్ళో కాపురం. ఆమె అక్కడ ముసలివాళ్ళ ఆశ్రమంలో పని చేసేది. పక్కలు మార్చేది, ఒళ్ళు తుడిచేది. అతను ఒక దుకాణం గుమ్మంలో కాపలా ఉద్యోగం చేసి, ఇంటికొచ్చి కుర్చీలో కూర్చునేవాడు. వంట, అంట్లు, చెత్త, అన్నీ ఆమెవి. చెత్తబండి ఏ రోజు వస్తుందో అన్నేళ్ళలో అతను ఒక్కసారి అడగలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

నేను ఎక్కువకాలం మంచం కింద దుమ్ములో ఉన్నాను. వాళ్ళ చెప్పులు చూస్తూ, గొడవలు వింటూ. మధ్యలో ఒకసారి యానాం వెళ్ళొచ్చాం. ఆ ప్రయాణంలో ఏడుకొండలు పారిస్‌లో దిగి నేలకింది రైళ్ళు మారే దారి పట్టించాడు. మెట్లు ఎక్కి, మెట్లు దిగి, మళ్ళీ మెట్లు. అతను ముందు నడిచాడు. నన్ను ఈడ్చింది ఆమె. నా చక్రం ఒకటి ఉచ్చకంపు కొట్టే ఆ మెట్ల మీదే విరిగింది, ఆమె మోకాలు కూడా అక్కడే పోయింది. చక్రం మార్చలేదు. మోకాలు ఎవరూ చూడలేదు.

తర్వాత కొన్నేళ్ళకు అమ్మాజీ గుండెలో కవాటం పాడైంది. కాకినాడ ఆసుపత్రిలో ఆపరేషనన్నారు. ఆవిడ ఫోనులో ఒకే మాట చెప్పింది.

"నువ్వొచ్చాకే ఆ బల్ల ఎక్కుతాను లోవా. నీ మొహం చూడకుండా నేను లోపలికెళ్ళను."

ఆపరేషను బుధవారం. విమానం టిక్కెట్టు సోమవారం మధ్యాహ్నానికి దొరికింది. ఇక ఆంజే నుంచి విమానాశ్రయానికి చేరడమే మిగిలింది. దాని కోసం లియోన్‌లో ఉండే మరిది దొరబాబు వచ్చి దిగాడు. ఫోను చేతిలో ఉంటే చాలు, ప్రపంచమంతా తనే నడుపుతున్నట్టు మాట్లాడే మనిషి. లియోన్ నుంచైతే ఎన్ని నేరు రైలుబండ్లో, మీ ఊరు ఎంత పనికిమాలినదో ఒక పూటంతా చెప్పాడు.

ఆంజే నుంచీ ఉంది ఒక బండి. పారిస్ ఊళ్ళోకి పోకుండా చుట్టుతిరిగి విమానాశ్రయం కిందనే ఆగుతుంది. ఒక్కసారి ఎక్కి ఒక్కసారి దిగాలి. లోవలక్ష్మికి కావలసింది అదే.

"దాంట్లో ఎల్దామండి. ఆ మెట్లు నా వల్ల కావు," అంది మొగుడితో.

అది సోమవారం పొద్దున్న రాహుకాలంలో కదులుతుంది. ఏడుకొండలు వల్లకాదన్నాడు. పైగా సోమవారం తూర్పుకు శూల, అటు ప్రయాణం కీడట. అన్నదమ్ములిద్దరూ పారిస్ మీదుగా వేరే బండ్లు వెతికారు. ఒకదానికి మెట్లు, ఒకదానికి గంటల తరబడి ఎదురుచూపు, ఒకటి విమానానికి అందదు. తర్వాత ఇంకో తగువు. రాహువు ఫ్రాన్సులో ఇండియా గడియారం ప్రకారం వస్తాడా, ఇక్కడి గడియారం ప్రకారమా? ఇక్కడి సూర్యుడి లెక్కే అని అన్న, అలాగైతే యానాం పంచాంగం ఎందుకని తమ్ముడు. టీ మీద టీ తాగుతూ తేల్చుకోలేకపోయారు. ఆ టీలు పెట్టింది లోవలక్ష్మి. అవతల అక్క గుండె కొట్టుకోవడానికి తంటాలు పడుతుంటే, వీళ్ళు రాహువుకు టైంటేబుల్ వేశారు.

చివరికి యానాం పంతులుకు ఫోను చేశారు. ఆయన ప్రస్థానం పెట్టమన్నాడు. అంటే మంచి ఘడియలో ప్రయాణపు సామాను ఒకటి ముందే ఇంట్లోంచి పంపి, వెళ్ళే దిక్కున ఉన్న వేరే ఇంట్లో ఉంచడం. దాంతో ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత మనుషులు ఎప్పుడు బయల్దేరినా దోషం ఉండదు. నియమం ఒక్కటే. గడప దాటిన ఆ వస్తువు మళ్ళీ ఇంట్లోకి రాకూడదు.

ఆ వస్తువు నేను.

ఆదివారం నన్ను నింపారు. అక్క కోసం లోవలక్ష్మి అల్లిన ఊలు స్వెట్టరు అడుగున. దాని మీద ఏడుకొండలు చొక్కాలు, అతని స్నేహితుల కోసం బ్రాందీ సీసా. కాగితాలన్నీ ఒకేచోట ఉండాలని దొరబాబు పాస్‌పోర్టులు నా ముందరి అరలో పెట్టాడు. వాళ్ళు అటు తిరగగానే ఒక చెయ్యి వచ్చింది. బ్లీచింగు వాసన వేసే చెయ్యి. తన పాస్‌పోర్టు తీసుకుని చేతిసంచిలో వేసుకుంది. ఆ రాత్రి డ్యూటీకి సెలవు దొరకలేదు, అటునుంచే పొద్దున్న వస్తానని వెళ్ళిపోయింది.

తూర్పున ఉన్న ఇల్లు మదాం ఒడెట్ అనే ఒంటరి ముసలమ్మది. పెట్టెను ఉంచుకోవడానికి ఆమె ఒప్పుకుంది. ఎప్పుడు తెస్తారో దొరబాబు ఆమెకు చెప్పలేదు. సాయంత్రం మంచి ఘడియలో నన్ను ఈడ్చుకెళ్ళేసరికి గేటుకు తాళం. ఆమె కూతురింటికి వెళ్ళింది. ఘడియ దాటిపోతోంది. వెనక్కి తేకూడదు. గేటు బయట కాలిబాట మీద ఒక విరిగిన కుర్చీ, మరకల పరుపు, పాత ఇస్త్రీబల్ల ఉన్నాయి. దొరబాబు వాటి పక్కన నన్ను ఆనించాడు.

"ఇక్కడుంచొచ్చేంట్రా?" అని ఏడుకొండలు తన ఇంటి గుమ్మంలోంచి అడిగాడు.

"ఇది ఫ్రాన్సన్నయ్యా. ఇక్కడెవడూ ముట్టుకోడు."

ఆ కుర్చీ, పరుపు అక్కడెందుకున్నాయని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. ఆ వీధిలో పెద్దచెత్త తీసుకెళ్ళే రోజు అది. పనికిరానివి ముందు సాయంత్రమే కాలిబాట మీద పెడతారు. ఈ సంగతి తెలిసిన మనిషి అప్పటికి ఎవరో ముసలాయన పక్క మారుస్తోంది.

తెల్లారీ తెల్లారకముందే చెత్తబండి వచ్చింది. పరుపు తర్వాత నన్ను విసిరారు. ఆ పరుపు మీద ఎన్నేళ్ళ చెమట ఉందో నాకు తెలుసు, ఆ వారంతా నా మొహం దానికే ఆనుకుని ఉంది. అబద్ధం, వారం కాదు. అంత పొడుగ్గా అనిపించింది.

ఊరి బయట పాతసామాన్ల దిబ్బలో పోశారు. మర్నాడు, మంగళవారం మధ్యాహ్నం అన్నదమ్ములు వచ్చారు. తప్పు నీదంటే నీదని తిట్టుకుంటూ వచ్చారు. జరిగింది నాకు తెలిసింది ఆ తిట్లలోనే.

పొద్దున్న లోవలక్ష్మి డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను లేను. ఆమె ఖాళీ కాలిబాట చూసింది, ఒక్కచూపులో అర్థమైంది. ఏడుకొండలు మెట్టు మీద కూలబడ్డాడట. పాస్‌పోర్టులు పోయినందుకు కాదు. ప్రస్థానం పెట్టిన వస్తువే పోతే అంతకంటే అపశకునం లేదని, ఎవరూ కదలకూడదని, పంతులు పూజలోంచి లేచేదాకా ఆగమని. ఆమె తన చేతిసంచి చూపించి అందట:

"రాహువు సంగతి మీరు చూసుకోండి. బండి సంగతి నేను చూసుకుంటాను."

డ్యూటీ బూట్లతోనే స్టేషనుకు వెళ్ళిపోయింది. ఒక్క మెట్టు ఎక్కకుండా, విమానాశ్రయం కింద దిగింది.

ఆ రాహువు మాట దొరబాబు వెక్కిరింపుగా చెప్పాడు, వదినకు పొగరని. ఏడుకొండలు తలూపాడు. అలా తలూపుతూనే కుప్పలోంచి బయటికి కనబడుతున్న ఎర్రగుడ్డ చూశాడు.

నన్ను లాగారు. మట్టి, ఎవరిదో పెయింటు, ఇంకేదో జిగట. అంతే, మిగతా అంతా బాగానే ఉంది. జిప్పు తీశారు. ఏడుకొండలు పాస్‌పోర్టు దొరికింది, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ నిలబడిపోయారు. పెట్టె గడప దాటింది కదా, ఇంటికి ఎలా తీసుకెళ్తాం? దొరబాబు, పెట్టె వదిలేసి లోపలివి తీసుకెళ్దామన్నాడు. లోపలివీ గడప దాటినవేనని ఏడుకొండలు అన్నాడు. కాసేపు ఆలోచించి బ్రాందీ సీసా ఒక్కటి పైకి తీశాడు. మూత తియ్యని సీసాకు దోషం అంటదని అతనే చెప్పుకున్నాడు. స్వెట్టరును రెండు వేళ్ళతో పక్కకు జరిపాడు.

అప్పుడు ఫోను మోగింది. అతని ఒక చేతిలో సీసా, ఒక చెయ్యి నా పిడి మీద. దొరబాబు ఫోను పట్టుకుని స్పీకరు పెట్టాడు.

లోవలక్ష్మి గొంతు. కాకినాడ ఆసుపత్రి నుంచి.

"చేరాను. అక్క నన్ను చూసింది. రేపు పొద్దున్నే తీసుకెళ్తారంట. పెట్టె ఏదే, ఎర్రగుడ్డ పెట్టె, తేలేదా అని అక్క అడుగుతోంది. దొరికిందాండీ?"

ఏడుకొండలు నన్ను చూశాడు. అతని అరచెయ్యి చెమటతో ఆ ఎర్రగుడ్డ తడిసింది.

"దొరకలేదు," అన్నాడు.

అటు దూరం నుంచి అమ్మాజీ గొంతు సన్నగా వినిపించింది. పోతే పోయిందిలే, నువ్వొచ్చావు కదా అంటోంది.

ఫోను పెట్టేశాక ఏడుకొండలు చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. నా మూత వెయ్యకుండానే ఇద్దరూ గేటు వైపు నడిచారు. సీసా చంకలో ఉంది.

రేపో ఎల్లుండో చెత్త ఎత్తే యంత్రపు ఇనుప గోరు వచ్చి నన్ను నలిపేస్తుంది. దానికి నేను భయపడడం లేదు. ఆ గుడ్డ మీద అతని చెమట ఇంకా ఆరలేదు. అది ఆరితే అతని అబద్ధం కూడా ఆ గుడ్డలో ఇంకిపోతుంది. ఆలోపే ఆ గోరు వస్తే బాగుండును.