విచ్చుకోని గుళిక

ఆ ఉదయం చెరువు గట్టుపై ఉన్నవారు, వచ్చిన క్రమంలో: చెరువు యజమానురాలు చినిమిల్లి రత్నమాణిక్యం గారు, పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ వఝల ఫణీంద్ర గారు, ఆయన పనికి నిధులు కొనసాగించాలో మానాలో తేల్చవలసిన పరిశీలకులు. నీటిలో, వల సంచిలో, నేను.

నేను ఒక జెల్ గుళికను. శనగగింజంత ఉంటాను. రొయ్య పెంకుల నుంచి తీసిన పదార్థంతో ఫణీంద్ర గారు నన్ను తయారు చేసి, కడుపులో క్షారం నింపారు. నీటిలో ఆమ్లత పెరిగితే నేను ఉబ్బి, ఆ క్షారాన్ని కొద్దికొద్దిగా వదిలి, నీటిని చక్కబరచాలి. రొయ్యను ఒలుచుకు తిన్న మనుషులే దాని పెంకుకు రొయ్యలను కాపాడే ఉద్యోగం ఇచ్చారు. ఈ వింత వారెవరికీ తట్టినట్టు లేదు.

ప్రయోగశాలలో నాకు ముందు చేసిన గుళికలు గాజుపాత్రలో చక్కగా విచ్చుకున్నాయి. ఆ నమ్మకంతో మమ్మల్ని భీమవరం దగ్గరి ఈ చెరువులో చల్లారు. తోటివన్నీ అడుగు బురదలోకి దిగిపోయాయి. పరీక్షకు పైకి తీయవలసిన నమూనాగా నన్నొక్కదానినే సంచిలో వేలాడదీశారు. రొయ్యలు వచ్చి మీసాలతో తడిమి, తినదగినదాన్ని కానని వెళ్లిపోయేవి.

ముసురు పట్టింది. వాననీటికి చెరువులో ఆమ్లత పెరిగింది. ఏటా ఇటువంటప్పుడు సున్నం చల్లే రత్నమాణిక్యం గారు, డాక్టరు మాట మీద ఈసారి బస్తాలు విప్పలేదు. పంటంతా ఆ మాట మీదే నిలిచింది. ఆ ఉదయానికి రొయ్యలు పైకి తేలి గట్టువార మూగసాగాయి. నేను కొద్దిగా మెత్తబడ్డాను, అంతే.

"ఏవండీ డాక్టరు గారూ, రొయ్య తల పైకెత్తేసిందండి. మీ గుళికలింకా నిద్ర లేవలేదాండీ?" అన్నారామె.

ఇంకాసేపు ఆగితే ఫలితం తేలుతుందనీ, ఇప్పుడు సున్నం పడితే ఏళ్ల శ్రమ వృథా అనీ పరిశీలకులు హెచ్చరించారు. ఫణీంద్ర గారు సంచి ఎత్తి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"ఫలితం నాదండి. చెరువు ఆవిడది. సున్నం వేయించండమ్మా."

సున్నం పడింది. రొయ్యలు మళ్లీ అడుగుకు దిగాయి. ప్రయోగం నిరూపణ కాలేదని నివేదిక వెళ్లింది, నిధులు ఆగాయి. నేనిప్పుడు ఆయన గది కిటికీలో మూతబిగించిన సీసాలో ఉన్నాను. నాలోని క్షారం నాలోనే ఉంది. మరికాసేపట్లో విచ్చుకునేదాన్నో లేదో నాకూ తెలియదు, అడిగేవారూ లేరు.

తన ఫలితాన్ని వదులుకొని పరుల పంటను నిలబెట్టిన డాక్టర్ వఝల ఫణీంద్ర గారి చర్యను, ఆ దినమున అక్కడ హాజరై యుండి ఏమియు చేయలేకపోయిన నేను, సగౌరవముగా ధ్రువీకరించుచున్నాను.