పరదా మీది చెరువు

గోరంట్లలో నేను ఫోటో స్టూడియో పెట్టిన కొత్తలో నాకు గిరాకీ అంతా చచ్చినవాళ్ళతోనే. వాళ్ళు రాలేరు కాబట్టి వాళ్ళ తరఫున ఎవరో ఒకరు పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు. పెద్దాయన పోయినాడు, కుర్చీలో కూర్చోబెట్టి తలకు రుమాలు చుట్టినాము, మెడ వాలిపోకముందే రాప్పా అని. నేను కెమెరా భుజాన వేసుకుని వీధిలో పోతుంటే ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చి "ఎవరు పోయినారన్నా?" అని అడిగేవాళ్ళు. బతికున్న మనుషుల మొహాలు తీయడానికి బెంగుళూరులో పని నేర్చుకుని వచ్చినవాణ్ణి, నాకు ఒళ్ళు మండేది. పోనీ బతికున్నవాళ్ళను పిలుద్దామా అంటే, మా మొహాలు మాకు దెల్దా, దుడ్లిచ్చి చూసుకోవాల్నా అనేవాళ్ళు.

మా నాయనకు ఈ వ్యాపారం మొదటినుంచీ గిట్టలేదు. శనక్కాయల మిల్లులో తూకాలు చూసే పని ఉంది, పోయి చేరు ఈశ్వరప్పా అని పొద్దున్నే మొదలుపెట్టేవాడు. నేనూ దాదాపు పోయేవాణ్ణే. అంతలో ఒకసారి హిందూపురంలో నాటకం చూశాను. రాజుగారు గొంతు చించుకుని పద్యం పాడుతున్నారు. జనంలో ఒక్కడూ ఆయన వైపు చూడటం లేదు. అందరి కళ్ళూ ఆయన వెనక పరదా మీద బొమ్మ వేసిన నది మీదే ఉన్నాయి. నాకు విషయం బోధపడింది.

తిరిగి రాగానే నా వాటాకు వచ్చిన ఎద్దుల జత అమ్మేసి, ఆ నాటకాల పరదాలు వేసే ఆయన చేతనే ఒక పరదా వేయించాను. గోడంత పొడుగు చెరువు. ఆయనకు వచ్చినవన్నీ అందులో వేశాడు. ఎడమవైపు పడవ, కుడివైపు హంసలు, గట్టు పొడుగునా కొబ్బరిచెట్లు, దూరంగా మంచు కొండ. హంసలు బాతుల్లా వచ్చాయి. మనకు మంచు కొండ ఎందుకయ్యా అంటే, ఖాళీగా ఉంటే బాగుండదు అన్నాడు. ఎద్దులమ్మి నీళ్ళ బొమ్మ కొన్నాడని మా నాయన నాతో మాట్లాడటం మానేశాడు. అది ఒక రకంగా మేలే అయింది.

ఆ పరదా కట్టిన తర్వాత సంత రోజు నా అంగట్లో నిలబడే చోటు ఉండేది కాదు. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. మొహం ఎట్లా వచ్చిందని ఒక్కడూ అడగడు. "నీళ్ళు తెగిపోకుండా తియ్యి" అంటారు. ఒకాయన తన ఎద్దును లోపలికి తోలుకొచ్చి, దీన్ని కూడా గట్టున నిలబెట్టన్నాడు. అది కొబ్బరిచెట్టును నాకింది. ఇక లాభం లేదని సగం పరదా మడిచి తాడుతో కట్టి పెట్టుకునేవాణ్ణి. పడవ కావాలన్నవాళ్ళకు పడవ వైపు, హంసలు కావాలన్నవాళ్ళకు హంసల వైపు విప్పేవాణ్ణి. బొమ్మకు ఎండ తగలదు, ఒక్క పరదా రెండు పరదాల పని చేస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా పెండ్లి సంబంధాల ఫోటోలే నన్ను నిలబెట్టాయి. అబ్బాయి నా కోటు వేసుకుంటాడు, అమ్మాయి నా గిల్టు గాజులు వేసుకుంటుంది, ఇద్దరికీ వెనక నా నీళ్ళు.

అరవై మూడులో వానలు మొహం చాటేశాయి. ఆ ఏడే ఒక సంత రోజు మధ్యాహ్నం కొత్తచెరువు అనే ఊరి పక్క పల్లె నుంచి గంగప్ప వచ్చాడు. కొన్నాళ్ళ కిందట కూతురు బయమ్మను తీసుకొచ్చి హంసల వైపు నిలబెట్టి సంబంధానికి ఫోటో తీయించుకుపోయిన మనిషే. ఇప్పుడు ఒక చేతిలో సంతలో కొన్న కొత్త కొడవలి, ఇంకో చేతిలో ఒక ఫోటో ఉన్నాయి.

"ఈ పని నీదేనా?" అన్నాడు.

చూశాను. కదిరి వైపు అబ్బాయి, ఓబుళేసు. నా కోటు వేసుకుని పడవ పక్కన నిలబడ్డాడు.

"నాదేన్నా. బాగా రాలేదా?"

"బాగా వచ్చినందుకే వచ్చినా. దీన్ని చూసే నా కూతుర్ని ఇస్తానని మాటిచ్చినా. నిన్న ఎవరికీ చెప్పకుండా వాళ్ళూరికి పోయి, చెరువు యాడుండాదని అడిగినా. ఊరోళ్ళు నవ్వినారు. బాయిలో కప్ప కాలు తడిసేదానికి నీళ్ళు లేవు."

ఆ మాట అని కూర్చుండిపోయాడు. "నా పెండ్లాం మారెక్క దినామూ నెత్తిన బిందె పెట్టుకోని మైళ్ళు నడిచి నడిచి వయసులోనే ముసిల్దయిపోయింది. పాపకు ఆ బతుకు వద్దనుకుంటిమి. నీళ్ళుండే ఇంటికే ఇయ్యాలనుకుంటిమి."

జాలేసింది. అయినా ఒక్క మాట అడగకుండా ఉండలేకపోయాను.

"అన్నా, మీ పాప ఫోటోలో వెనకుండేది ఏంది?"

"పరదా. నేను ఈడే నిలబడి చూసినా కదా."

"మరి ఈ పిల్లగాడి వెనకుండేది?"

"అది నిజమనుకున్నా."

"ఎట్లనుకున్నావన్నా?"

"మనం ఒక అబద్ధం ఆడితే లోకమంతా ఆడతాదా?" అని నా మీదే కసిరాడు.

గంగప్ప లేచి కొడవలితో పరదా వైపు నడిచాడు. ఇంకొకరి కొంప కూలకుండా దీన్ని ఇప్పుడే చీరేస్తానన్నాడు. నేను అడ్డం పోయి రెండు చేతులూ చాపాను. అది పోతే నా అంగడి పోయినట్టే. మళ్ళీ కుర్చీల్లో పీనుగలు, మళ్ళీ మా నాయన నోట మిల్లు మాట.

అప్పుడే గడప దగ్గర ఇంకో గొంతు వినిపించింది. "ఫోటోలు తీసే ఈశ్వరప్ప అంటే ఎవురు?"

పెద్ద రుమాలు చుట్టిన మనిషి, దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాడు. ఆయన చేతిలోనూ ఒక ఫోటో ఉంది.

"నా పేరు ఎర్రిస్వామి. కదిరి తట్టు. ఈ పాపను నా కొడుక్కి అడిగినాము. ఫోటోలో ఇన్ని నీళ్ళుండాయి, హంసలుండాయి, ఆపదొస్తే వియ్యంకుడు ఇంత మేతన్నా పంపుతాడులే అనుకుంటి. మొన్న కొత్తచెరువు తట్టు పోయి ఆ ఊరు చూసొచ్చినా. హంసలు కాదు, కాకులు కూడా లేవు ఆడ."

గంగప్ప వంగి ఫోటో చూశాడు. "ఆ పాప నా కూతురు."

ఎర్రిస్వామి గంగప్ప చేతిలో ఉన్న ఫోటో చూశాడు. "వాడు నా కొడుకు."

అంతవరకూ మధ్యవర్తి మాటలే తప్ప ఒకరి మొహం ఒకరు చూసినవాళ్ళు కాదు. ఇప్పుడు ఇద్దరూ కలబడతారు, నేను తప్పించుకుంటాను అనుకున్నాను. ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు.

"అంతా ఈయప్ప చేసిన పని" అన్నాడు గంగప్ప.

"నా కొడుకుది పరదా అని నాకు దెల్సు" అన్నాడు ఎర్రిస్వామి. "పాపం ఆ పాపోళ్ళు నిజంగా నీళ్ళుండేవాళ్ళు, మనమే మోసం చేస్తాండామని నాకు కూడు దిగలేదు. నాకు ఆ బాధ పెట్టింది ఈయప్పే."

గంగప్ప నన్ను పక్కకు నెట్టి పరదా అంచు పట్టి గుంజాడు. మడిచి కట్టిన తాడు తెగింది. సగం దాగిన పరదా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సర్రున విచ్చుకుంది. పడవా, హంసలూ, కొబ్బరిచెట్లూ, అన్నీ ఒకే నీళ్ళలో ఉన్నాయి. లేపిన కొడవలి లేపినట్టే ఆగింది. ముగ్గురం దాన్నే చూశాం. వేయించుకున్న నేనే అది అంత పెద్దదని మరిచిపోయాను.

"రెండూ ఒకే చెరువు" అన్నాడు ఎర్రిస్వామి నెమ్మదిగా. "ఒకే గట్టున నిలబడినారు ఇద్దరూ."

గంగప్ప కొడవలి ఇంకా పైనే ఉంది.

"గంగప్పా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. నిజంగా ఇన్ని నీళ్ళుండేవాడు నీ కూతుర్ని చేసుకుంటాడా? నా కొడుక్కి పిల్లనిస్తాడా?"

ఆ మాట నాకే గుచ్చుకుంది. గంగప్ప కొడవలి దించాడు.

"మీ ఇంట్లో నీళ్ళు ఎవురు తెస్తారు?"

"వాళ్ళమ్మకు నడుము పడిపోయినప్పట్నుంచి కావడి ఓబుళేసుదే. మగోడు నీళ్ళు మోసేదేమని ఊర్లో నవ్వుతారు. నవ్వితే నవ్వనీలే అని మోస్తాడు."

"పెండ్లయినాక?"

"వాడి భుజం కాయ కాసిపోయింది. ఇంగ దించితే వాడికే తోచదు."

గంగప్ప కొడవలిని గడప పక్కన పెట్టాడు. "అయితే మాట మాటే, బావా" అన్నాడు.

బావా అన్న పిలుపు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. వ్యాపారం చేసేవాడు అట్లాంటప్పుడు ఊరికే నిలబడకూడదు. వియ్యంకులిద్దరికీ కలిపి ఒక ఫోటో తీస్తానన్నాను. ఎర్రిస్వామి వెంటనే పోయి పరదా ముందు కుర్చీలో కూర్చుని రుమాలు సరిచేసుకున్నాడు. గంగప్ప మాత్రం కదల్లేదు.

"ఈసారి మోసం జరగకుండా ముందు నేను చూడాల. నువ్వు గుడ్డలో తల దూర్చి ఏం చూస్తావో అది చూపించు."

కెమెరా వెనక గాజు మీద బొమ్మ పడుతుంది, చూడన్నా అని నల్లగుడ్డ ఎత్తి పట్టుకున్నాను. తల లోపల పెట్టాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"ఏమప్పా, ఎర్రిస్వామి తలకిందులుగా ఉండాడే."

"ఆ గాజులో అందరూ అట్లే కనపడతారన్నా."

"చెట్లు కిందికి యాలాడతాండాయి."

"అవునన్నా."

గంగప్ప గొంతు మెత్తబడింది.

"నీళ్ళన్నీ పైనుండాయి. ఆకాశం నిండా. ఇన్ని నీళ్ళు పైన నా జన్మలో చూడలేదప్పా."

"యాడ?" అంటూ ఎర్రిస్వామి కుర్చీలోంచి లేచి వచ్చాడు. నేను వద్దనేలోపే వంగి అదే గుడ్డలో తల దూర్చాడు. కుర్చీ ఖాళీ. ఫోటో తీయించుకోవాల్సిన ఇద్దరూ కెమెరా వెనకే ఉన్నారు.

"కదలొద్దు బావా" అంది లోపలినుంచి గంగప్ప గొంతు. "కొంచెం సేపు ఇట్లే చూద్దాం. వానొచ్చేట్టే ఉండాది."

కదలొద్దు అనాల్సింది నేను. కెమెరాలో పెట్టాల్సిన ఫోటో ప్లేటు చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాను. గడప బయట కోటు కోసం ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. కాసేపు ఆగండప్పా అని వాళ్ళకు చెప్పాను.