చందువ పిల్లల తూకం

నతానియేలు, అతని తమ్ముడు యేసుబాబు ఒకే పడవ మీద పెరిగారు. తండ్రి పోయాక కూడా వాటాలు వేసుకోలేదు. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర వేటాడి, నాగాయలంక అవతల ఒక చిన్న రేవులో సరుకు దించేవాళ్ళు. అన్న చుక్కాని పడితే తమ్ముడు వల లాగేవాడు. మాటలతో పనే ఉండేది కాదు.

ఆ రేవుకు విజయవాడ నుంచి ప్రత్యూష అనే అమ్మాయి సర్వే పనిమీద వచ్చింది. సముద్రం నుంచి ఏ చేప ఎంత తీస్తున్నారో తూచి, పొడవు కొలిచి ప్రభుత్వానికి పంపడం ఆమె ఉద్యోగం. ఆ లెక్కను బట్టే ఎంత పట్టనివ్వాలో, ఎప్పుడు ఆపాలో తేలుస్తారు. పొలుసులంటిన చేతులతోనే టీ గ్లాసు అందుకునే ఆ పిల్లంటే నతానియేలుకు అభిమానం.

ఒకరోజు ఆమె సంబరంగా చెప్పింది. "చందువ చేపలకి ఢోకా లేదు బాబాయ్ గారూ. వచ్చినవన్నీ పెద్దవే. రిపోర్టులో అదే రాస్తున్నా."

నతానియేలు ముఖం దించుకున్నాడు. రేవుకొచ్చేవి పెద్దవే, నిజమే. సన్నకన్ను వలల్లో పడ్డ వేలెడు పిల్లలు రేవుదాకా వస్తే కదా! వాటిని మడ అడవి పక్క పాయలోనే దించేస్తారు. అక్కడినుంచి రొయ్యల మేత తయారుచేసేవాళ్ళ లారీలు ఎత్తుకుపోతాయి. తమ పడవ చేస్తున్నదీ అదే.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి కదిపాడు. "ఒరే యేసూ, ఆ పిల్లకి నిజం చెప్పేద్దాంరా. గుడ్డు పెట్టే ఈడు రాకముందే ఊడ్చేస్తన్నాం. రేపు మనకేం మిగుల్తది?"

"నీకేవన్నా పిచ్చా అన్నయ్యా? ఈ వలలు ఆపించేస్తారు. చిన్నిని కాలేజీలో వేశాను. ఇప్పుడా నీకు సముద్రం మీద జాలి?"

చిన్ని యేసుబాబు కూతురు. పెళ్ళి చేసుకోని నతానియేలు ఆ పిల్లను భుజాల మీద మోసి పెంచాడు. అందుకే కొన్నాళ్ళు నోరు కట్టేసుకున్నాడు. కానీ వల లాగినప్పుడల్లా మనసు కలుక్కుమనేది. చివరికి ఒక పొద్దున ప్రత్యూషను వెంటబెట్టుకుని పాయ దగ్గరికి వెళ్ళాడు.

ఆమె కాటా పెట్టి ట్రే తర్వాత ట్రే తూచింది. నెలంతా రేవులో కొలిచిన చందువలకన్నా ఆ ఒక్క పొద్దుటి పిల్లల తూకమే ఎక్కువ తేలింది. లారీకి ఎత్తుతున్న యేసుబాబు అన్నను చూశాడు. చేతిలోని ట్రే నెమ్మదిగా కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తూకంతో సన్నకన్ను వలలు నిషేధించారు. లారీలు ఆగాయి. నతానియేలు పడవెక్కే మనిషి లేకుండా పోయాడు. చర్చిలో అతని బెంచీ మీద ఎవరూ కూర్చునేవారు కాదు. అన్నతో కలిసి ఇక వేటకు రానని చెప్పి, యేసుబాబు ఇల్లు ఖాళీచేసి, పెళ్ళాంబిడ్డలతో గుజరాత్ వైపు హార్బరు కూలికి పోయాడు. చిన్ని చదువు సగంలో ఆగింది. బస్సు దగ్గర ఆ పిల్ల "పెదనాన్నా" అనబోతే, తండ్రి లోపలికి నెట్టాడు.

రెండేళ్ళు గడిచాక ప్రత్యూష రేవులోకి పరుగులాంటి నడకతో వచ్చింది. "చందువలు కోలుకుంటున్నాయి బాబాయ్ గారూ! పిల్లలు బతికి పెద్దవవుతున్నాయి. మీ వల్లేనండీ."

నతానియేలు తమ్ముడి నంబరున్న చీటీ ఆమె చేతిలో పెట్టాడు. "మావోడికోసారి ఫోన్ చేసి చెప్తావా అమ్మా? చేపలొచ్చినయ్, వచ్చెయ్యమను. నేను చేస్తే ఎత్తడు."

ఆమె స్పీకరు పెట్టి విషయమంతా చెప్పింది.

"సంతోషమండీ," అన్నాడు యేసుబాబు. "పట్టుకునేవాళ్ళని పట్టుకోనీండి."

"మీ అన్నయ్యగారు పడవ మీకోసమే ఉంచారండీ."

అవతల హార్బరు రొద వినిపించింది. ఆ రొదలోంచే యేసుబాబు, "మా చిన్ని రొయ్యల షెడ్డులో తలలు వలుస్తందండీ. ఐసుకి వేళ్ళన్నీ పాసి పుళ్ళు పడ్డయ్. ఆ సంగతి ఆయనకి చెప్పండి," అని పెట్టేశాడు.

చెప్పాల్సిన పని లేకపోయింది. నతానియేలు లేచి, ఇసక మీదున్న పడవను ఒక్కడే నెట్టబోయాడు. ప్రత్యూష చెప్పులు విడిచి వెళ్ళి అటువైపు చేయి వేసింది. పడవ కొంచెం కదిలి, మళ్ళీ కూరుకుపోయింది.