అవ్వ ఇచ్చిన గుండ్ల కర్ర

నా పేరు సుభాషిణి. పేరుకే. బడిలో హాజరు పిలిస్తే నా గొంతు పక్క బెంచీకి కూడా వినిపించదు. వాలీబాల్‌లో నోటితో పని ఉండదు కాబట్టి ఆ ఆటంటే నాకు ప్రాణం. కానీ నా సర్వీసు ఎప్పుడూ నెట్‌కే తగిలేది.

"సర్వీసు చేస్తా ఉండావా, నెట్టుకు దణ్ణం పెడతా ఉండావా మే?" అని మా కెప్టెన్ అస్మా ఏడిపించేది.

వేసవి సెలవుల ముందు ఆటల టీచరు జయశీల మేడం నా చెయ్యి పట్టుకుని చూశారు. "భుజంలో బలం ఉందమ్మా. బంతి తగలగానే మణికట్టు వాలిపోతోంది. మణికట్టు, ముంజేయి గట్టిపడాలి. జట్టులో ఇంకొక్క చోటే ఉంది. బడి తెరిచాక ఐదు సర్వీసులు ఇస్తా, నాలుగు దాటాలి" అన్నారు.

మా పాళెంలో డంబెల్స్ ఎవరింట్లో ఉంటాయి? అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. నాన్న పడవను ఒడ్డుకు లాగి వలలు బాగుచేసుకుంటున్నాడు. నా దిగులు విని మా అవ్వ మాలకొండమ్మ చిరిగిన వలకున్న సీసపు గుండ్లు కోసి గుడ్డలో మూటగట్టింది. ఆ మూటను తాడుతో ఒక కర్ర మధ్యన వేలాడదీసింది.

"చేతులు ముందుకు చాపి కర్ర పట్టుకో. కర్రను తిప్పతా తాడు చుట్టు. మూట పైకి రావాలా."

గబగబా చుట్టేశాను. మూట పైకి రాగానే వదిలేశాను. దబ్బున పడింది.

"పైకి చుట్టేది ఎవురైనా చుట్టతారు. దించేదాంట్లో ఉండాది పస. లంగరు దించినట్టు మెల్లంగా దించు."

దించుతుంటే ముంజేతులకు కారం పూసినట్టుండేది. "మండితే చెయ్యి, నొప్పి పుడితే ఆపు" అనేది అవ్వ. రోజు విడిచి రోజు చేయించేది. మొదటి వారం మూడుసార్లకే చేతులు వణికాయి. సెలవులు అయిపోయేనాటికి పదిసార్లు చుట్టి దించగలిగాను, మూటలో ఇంకో ఆరు గుండ్లు చేరాయి. ఈ సంగతి అవ్వకూ, నా డైరీకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఎంపిక రోజు అవ్వ చేపల గంప బడి కంచె దగ్గర దించి నిలబడింది. ఆమె వాలీబాల్ చూడడం అదే మొదలు.

నా మొదటి బంతి నెట్‌కు తగిలి జారింది.

"పడిందమ్మే! వలలో పడింది!" అని అవ్వ చప్పట్లు కొట్టింది.

మైదానమంతా ఒకటే నవ్వు. అవ్వ చేతులు అలాగే ఆగిపోయాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియక అందరి ముఖాలూ చూస్తోంది. నన్ను చూసి నవ్వితే తల దించుకునేదాన్నే. వాళ్లు నవ్వుతున్నది అవ్వను.

"అవ్వా! ఇది మన వల కాదు! దీంట్లో పడకూడదు, దాటాలా!" అని గట్టిగా అరిచాను.

అస్మా నవ్వు ఆపేసింది. "నీకు గొంతుండాదే సుభా!"

"దాటిపోయేదానికా ఇంత కష్టపడినావు?" అంది అవ్వ. "సరే, దాటించు. నేను చూస్తా."

ఇక నాలుగూ దాటాలి. రెండో బంతిని కొట్టాను. అరచెయ్యి చురుక్కుమంది గానీ మణికట్టు వాలలేదు. బంతి జానెడు ఎత్తున నెట్ దాటింది.

"పోయింది!" అని అరిచింది అవ్వ.

మూడోది. "పోయింది!" నాలుగోది వెనక గీత దాకా వెళ్లింది. ఐదోదానికి అస్మా, మిగతా పిల్లలు కూడా అవ్వతో కలిసి "పోయింది!" అని అరిచారు.

మేడం నా ముంజేయి నొక్కి చూశారు. "ఎవరు నేర్పారమ్మా?"

"మా అవ్వ నేర్పించింది మేడం" అన్నాను, కంచె దాకా వినిపించేలా.

అవ్వ కొంగు సర్దుకుని, గంప నెత్తికెత్తుకుని, నేనెటూ ఇంటికే వస్తాను కదా అన్నట్టు వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె వీధి వీధికీ "నాలుగు పోయినాయి! నా మనవరాలివి నాలుగూ పోయినాయి!" అని చెప్పుకుంటూ తిరిగిందట. ఊళ్లో సగం మంది ఏం చేపలు పోయాయోనని పాపం జాలిపడ్డారు.